రెండు వేళ్లు ముందు

మోహన్‌కృష్ణ ఓడిపోయిన ప్రతిసారీ తప్పు ఇంకెవరిదో అయ్యేది. ఒకరోజు మౌసుది, ఒకరోజు కుర్చీది, వాన పడితే ఎలాగూ వానది. ఇవేవీ కుదరని రోజున అవతలివాడు మోసం చేశాడనేవాడు. "హ్యాకర్‌గాడు" అని తెర మీద వేలు పెట్టి చూపించి, తెరకంటిన మరకని చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ ఆటలో కూర్చునేవాడు. ముప్పై ఆరేళ్ల మనిషి, తన దీవిలో, ఆస్టినాబాద్‌లో సగం ఇళ్ల నీళ్ల మోటార్లు బాగుచేసిన మనిషి, ఎక్కడో గుంటూరులోనో నాగపూర్‌లోనో బడి నుంచి వచ్చి బ్యాగు కూడా దించని పిల్లల చేతిలో రోజుకు పాతికసార్లు చచ్చేవాడు.

చూడ్డానికి ఆట పెద్ద కష్టమైనదేం కాదు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, తెర మీద తుపాకులు. గోడల చాటున నక్కి, సందుల్లో పరుగెత్తి, అవతలి ఐదుగురినీ ముందు పడగొట్టిన జట్టు గెలుస్తుంది. నిలబడ్డవాణ్ని మోహన్‌కృష్ణ ఇప్పటికీ గురి తప్పకుండా కొట్టగలడు. పరుగెత్తేవాడే దొరకడు. వాడు గుమ్మం దాటుతుంటే ఇతను కాలుస్తాడు, గుండు గోడకి తగులుతుంది. వాడు ఆగి, తాపీగా ఇటు తిరిగి, ఒక్క దెబ్బతో ఇతన్ని పడుకోబెడతాడు. ఆపైన పళ్లికిలిస్తున్న బొమ్మ ఒకటి పంపిస్తాడు. చచ్చినందుకు కాదుగానీ ఆ బొమ్మకి ఒళ్లు మండేది.

ఒక్క భానుప్రకాష్‌తో ఆడినప్పుడే ప్రాణం లేచొచ్చేది. భాను మూడేళ్లు చిన్నవాడు, జంగ్లీఘాట్‌లో జెరాక్స్ షాపు నడుపుతాడు, పద్నాలుగేళ్ల స్నేహం. మంగళవారం సాయంత్రాలు ఎవరి చోట వాళ్లు కూర్చుని ఇద్దరే ఒకరి మీద ఒకరు ఆడేవారు. ముందు పది కొట్టినవాడిది గెలుపు. పది–ఏడు, పది–ఎనిమిది, ఎప్పుడూ మోహన్‌కృష్ణదే పైచేయి. "క్యా హాత్ హై కెప్టెన్!" అని అతని చేతిని మెచ్చుకునేవాడు భాను. ఆ ఒక్క మాట పట్టుకుని మోహన్‌కృష్ణ మిగతా వారమంతా నెట్టుకొచ్చేవాడు.

బుధవారం మధ్యాహ్నం తన వైండింగ్ షాపులో అర హెచ్‌పీ మోటారుకి తీగ చుడుతున్నాడు. కాలిపోయిన పాత తీగని ఉలితో నరికి లాగేసి, లోపల తీగ కూర్చునే గాడులు గోకి శుభ్రం చేసి, కాగితం పరిచి ఉంచాడు. ఈ పనిలో లెక్కే ప్రాణం. పాత చుట్టలో ఎన్ని చుట్లుంటే కొత్తదాంట్లోనూ అన్నే ఉండాలి. నాలుగు తగ్గినా మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది. పెదాలు కదుపుతూ, ఎడంచేతి వేళ్ల సందు నుంచి రాగి తీగ జారనిస్తూ అరవై ఎనిమిది దాకా వచ్చాడు. బల్ల మీద ఫోను మోగింది.

'జెట్టీ బాయ్స్' గ్రూపులో భాను మెసేజి. వాళ్ల తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే నడుస్తుంది. తెలుగులో రాయమంటే ఆ గుంపులో ఒక్కరికీ ఒత్తులు తిన్నగా రావు. ఆదివారం పోటీలో ఆడే ఐదుగురి పేర్లు పెట్టాడు: భాను, శ్రీను, కన్నబాబు, నూకన్న, చిన్ని. కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి.

మోహన్‌కృష్ణ ఇంకోసారి చదివాడు. పేర్లు ఐదే. చిన్ని అంటే భాను చెల్లెలు, కాలేజీలో చదువుతోంది. ఆదివారం పోటీ దేశం మొత్తానిది. ఈ దీవుల నుంచి పేరిచ్చింది ఒక్క జెట్టీ బాయ్సే. మొదటి ఆట వైజాగ్ జట్టుతో. ఇలాంటి ఆటొకటి ఆడాలని పద్నాలుగేళ్ల కిందట ఈ జట్టుకి పేరు పెట్టిందీ, ఒక్కొక్కణ్ని కూర్చోబెట్టి మౌసు పట్టుకోవడం నేర్పిందీ మోహన్‌కృష్ణ. తీసేస్తున్నామని ఫోను చేసి ఒక్క మాట చెప్పినవాడు లేడు. ఆ జోడించిన చేతులు ఎవరికి దణ్ణమో కూడా అర్థం కాలేదు.

'ఓకే' అని రాసి ఫోను బోర్లా పెట్టాడు. తీగ చేతిలోకి తీసుకున్నాడు. అరవై ఎనిమిదా, డెబ్బై ఎనిమిదా గుర్తు రాలేదు. చుట్టినదంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

గురువారం తీగ అయిపోయిందని అబర్దీన్ బజారుకి వెళ్లాడు. తీగ కొని, స్కూటరు తీయబోతూ, బట్టల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లకేసి చూశాడు. ఆ మెట్లు ఎక్కి ఎన్నేళ్లయిందో. కాళ్లు వాటంతటవే ఎక్కేశాయి.

పైన ఒకప్పుడు కంప్యూటర్ సెంటరు ఉండేది. ఎనిమిది డబ్బా కంప్యూటర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, మూల ఒక టేబుల్ ఫ్యాను. అది మనుషుల కోసం కాదు, మిషన్లు వేడెక్కకుండా. దీవులకి అప్పట్లో నెట్ ఉపగ్రహం మీదుగా ఆకాశంలోంచి వచ్చేది. మబ్బు పడితే ఆగేది. జెట్టీ మీద చేపల బుట్టలు దించి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చేవాళ్లు వీళ్లు. అయినా ఓనరు ముక్కు మూసుకునేవాడు. ఐదుగురూ వరసగా కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లు తగిలేవి. ఎవడైనా మెయిన్‌ల్యాండ్ వాడు తెర మీద పరుగెత్తగానే మోహన్‌కృష్ణ లేచి నిలబడి రెండు వేళ్లు ముందుకి కొట్టమని అరిచేవాడు, "దో ఉంగ్లీ ఆగే!" ఐదు మౌసులూ ఒక్కసారి టక్‌మనేవి.

అప్పుడు ఒక్క సెకను ఏమీ జరిగేది కాదు. కాల్చింది తగిలిందో లేదో కబురు ఆకాశానికి వెళ్లి తిరిగి రావాలి. ఐదుగురూ ఊపిరి బిగబట్టేవాళ్లు. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించేది. ఆ తర్వాత తెర మీద వాడు కూలిపోయేవాడు, వీళ్లు వేసిన కేకకి కింద బట్టల కొట్టులో కొలతలు తప్పేవి. హైదరాబాద్ జట్టుని ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఓడించినప్పుడు శ్రీను ఏడ్చేశాడు. ఇప్పుడు ఆ సెకను లేదు. కాల్చీ కాల్చకముందే తగలలేదని తెలిసిపోతుంది. ఓడిపోవడం కంటే, ఊపిరి బిగబట్టడానికి పక్కన ఎవరూ లేకపోవడమే మోహన్‌కృష్ణకి ఎక్కువ బాధగా ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

గదిలో ఇప్పుడు టైలరింగ్ సామాను అమ్ముతున్నారు. దారపు కండెల వెనక నుంచి ఒకావిడ తలెత్తింది.

"క్యా చాహియే భయ్యా?"

ఏం కావాలో అతనికీ తెలియదు. "చొక్కా బొత్తాలు," అని అర డజను కొనుక్కుని దిగొచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం బేబీరాణి కేరియరు తెచ్చింది. మామూలుగా అయితే కేరియరు బల్ల మీద పెట్టి, కౌంటరు దగ్గర రెండు నిమిషాలు కూర్చుని వెళ్లిపోయేది. రెండు రోజులుగా మొగుడు సరిగ్గా తినడం లేదు. అందుకని ఆరోజు గిన్నెలు ఖాళీ అయ్యేదాకా కదలనని అతను ఆట మిషను పెట్టుకున్న షాపు వెనక గదిలో స్టూలు వేసుకుంది. అతను తింటూనే ఆడుతున్నాడు. ఎడంచేత్తో మీటలు నొక్కుతూ, పులుసు అంటని రెండు వేళ్లతో మౌసు కదుపుతున్నాడు. బేబీరాణి వండూర్ పిల్ల, చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టింది. ఈ ఆట మీద ఆమెకి ఎప్పుడూ గౌరవం లేదు. కానీ చూడ్డానికి ఇంకేమీ లేక తెరకేసి చూసింది.

"ఏటి మావా, గోడనెందుకు కాలుస్తన్నావు?"

"గోడని కాదే. మనిషిని."

"మనిషి ఎనకాలున్నాడు కదా."

"నీకు తెలీదులే. పరిగెత్తేవోణ్ని అలగే కొట్టాలి. రెండు వేళ్లు ముందుకి."

"ఎందుకలగ?"

ఇన్నేళ్లలో పెళ్లాం ఈ ఆట గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. మోహన్‌కృష్ణ కుర్చీ ఇటు తిప్పాడు. ఎంగిలి చెయ్యి గాల్లో ఉంచుకుని, పాఠం చెప్పే మాస్టారిలా మొదలుపెట్టాడు. "ఇను. మనకి కనబడతన్న బొమ్మ పాతది. అది అక్కడ బయల్దేరి, పైకెల్లి, మన దగ్గరకొచ్చేసరికి సెకను పడతాది. ఈలోగా ఆడు ముందుకెల్పోయుంటాడు. అందుకని ఆడు కనబడ్డ చోట కాదు, ఎల్లే చోట కొట్టాలి. ఎంత ముందుకి? తెర మీద రెండు వేళ్లు. ఇది నేను కనిపెట్టినాను. దీవుల్లో ఎవరికీ తెలీదప్పుడు."

"మా అయ్య వల ఏసినట్టు. చేప ముందుకి ఏస్తాడు."

"షాబాష్. అదే."

బేబీరాణి ఖాళీ గిన్నె మీద మూత పెట్టింది. "మరి ఇప్పుడూ బొమ్మ లేటుగానే వస్తందా?"

"ఏటి?"

"మన పెళ్లప్పుడు మా పిన్నితో వీడియో కాల్ మాటాడితే నోరొకసారి కదిలేది, మాటొకసారి వచ్చేది. మొన్న మాటాడినాను కదా, పక్కింట్లో ఉన్నట్టే ఉంది. సముద్రంలోంచి వైరేసినారన్నావు కదా నువ్వే."

మోహన్‌కృష్ణ తెరకేసి తిరిగాడు. రెండేళ్ల కిందట సముద్రం అడుగున కేబుల్ వచ్చిన సంగతి అతనికి తెలియక కాదు. వచ్చిన రోజున షాపు ముందు స్వీట్లు పంచాడు. అందరికంటే ముందు కనెక్షను పెట్టించుకున్నాడు. మిషను కొన్నాడు, మౌసు కొన్నాడు, కుర్చీ కొన్నాడు. తన చేతిని మాత్రం మార్చాలని తట్టలేదు. బాగా ఆడే చెయ్యి అది. దాన్ని ఎవడు అనుమానిస్తాడు?

చెయ్యి కడుక్కొచ్చాడు. ఉత్తి సాధన కోసం బొమ్మలు పరుగెత్తే చోటొకటుంది ఆటలో. అక్కడికి వెళ్లాడు. ఒక బొమ్మ ఎడమ నుంచి కుడికి పరుగెత్తింది. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. బలవంతంగా వెనక్కి లాగి, సరిగ్గా బొమ్మ గుండెల మీదే పెట్టి నొక్కాడు. బొమ్మ పడిపోయింది. ఇంకోటి పడిపోయింది. పదింట్లో ఏడు పడ్డాయి.

"పడినాయి కదా," అంది బేబీరాణి, కేరియరు చేతికి తగిలించుకుంటూ. "అంతదానికి రెండ్రోజులు తిండి మానీసినావు."

ఆమె వెళ్లాక సంతోషంతో గంతులేద్దామనుకున్నాడు. గంతులు రాలేదు. రెండేళ్లుగా తిట్టిన వాళ్లందరూ గుర్తొచ్చారు. ఆ గుంటూరు పిల్లలు హ్యాకర్లు కాదు. మౌసు మంచిదే. ఆపైన ఇంకో ఆలోచన వచ్చి నిటారుగా కూర్చున్నాడు. భానుకి, శ్రీనుకి, అందరికీ ఈ రెండు వేళ్లు నేర్పింది తనే. ఎల్లుండి వైజాగ్ వాళ్ల ముందు నలుగురూ గోడల్ని కాలుస్తూ కూర్చుంటారు. కూర్చోనీ, తగిన శాస్తి. టీ తాగినంతసేపు ఆ ఊహ భలే రుచిగా ఉంది. గ్లాసు కింద పెట్టేసరికి రుచి పోయింది. తను నేర్పిన తప్పు తనే దిద్దాలి. జట్టులో లేకపోయినా కెప్టెన్ కెప్టెనే కదా అనుకున్నాడు.

శనివారం సాయంత్రం ఐదింటికే వెలుగు తగ్గుతుండగా జంగ్లీఘాట్ వాలు దిగి భాను ఇంటికి వెళ్లాడు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని ముందు భాను, రెండోదాని ముందు చిన్ని. మోహన్‌కృష్ణని గుమ్మంలో చూసి భాను సగం లేచి అలాగే ఉండిపోయాడు. చిన్ని గబుక్కున లేచి తన కుర్చీ జరిపింది.

"ఆవో భయ్యా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. పేర్ల గురించీ రాలేదు," అన్నాడు మోహన్‌కృష్ణ. దారంతా కూడబలుక్కున్న మాటలు. "ఒరే భానూ, మనమంతా తప్పు కొడతన్నాం రా. దో ఉంగ్లీ అప్పటికి. ఆ నెట్‌కి. ఇప్పుడు బొమ్మ ఎక్కడుంటే మనిషక్కడే. సీదా కొట్టాలి. నాదే తప్పు, నేనే మీ అందరి చేతులూ పాడుచేసినాను. ఈ ఒక్క రాత్రే టైముంది. ఇప్పుడు కూర్చుంటే రేపటికి సరిచేసుకోవచ్చు."

చిన్ని అన్నని, మోహన్‌కృష్ణని మార్చి మార్చి చూసింది.

"అరే, అది భాను భయ్యా ఎప్పుడో ఛోడ్ దియా కదా. కేబుల్ వచ్చిన నెలకే. నాకు నేర్పినప్పుడు సీదాగానే కొట్టమన్నాడు. శ్రీను భయ్యా వాళ్లు కూడా..." అన్నయ్య మొహం చూసి చిన్ని ఆగిపోయింది.

చిన్ని టీ పెడతానని లోపలికి వెళ్లిపోయింది.

"రెండేళ్లు," అన్నాడు మోహన్‌కృష్ణ. "అందరికీ తెలుసు. నాకెందుకు సెప్పలేదురా?"

"ఎలగ సెప్పమంతావు భయ్యా?" భాను తల వంచుకుని మీటల పలక మీద దుమ్ము వేలితో తుడిచాడు. "సెప్దామనే ఒకరోజు షాపుకొచ్చినాను. మోటారు కోసం వచ్చినాయనెవరికో హైదరాబాద్ మ్యాచ్ కథ సెప్తన్నావు. దో ఉంగ్లీ అని వేళ్లు సూపించి మరీ. నీ మొఖం ఎలిగిపోతంది. అది తప్పు భయ్యా అంటే ఆ రోజులే తప్పన్నట్టుంటాది. నాకు నోరు రాలేదు."

"తీసెయ్యడానికి చెయ్యొచ్చింది కదా."

"రేపు ఆట అందరూ సూస్తారు. ఓడిపోతే ఓడిపోతాం, రోజూ ఓడిపోతన్నాం. ఆ వైజాగ్ పిల్లలు నిన్ను సూసి నవ్వుతారు భయ్యా. అది నేను సూడలేను."

ఈ మాటకి కోపం రావాలో, ఏడుపు రావాలో మోహన్‌కృష్ణకి తెలియలేదు. వెళ్లిపోదామని గుమ్మం దాకా వెళ్లాడు. ఒక చెప్పులో కాలు పెట్టాక ఆగాడు. లెక్క ఎక్కడో కుదరడం లేదు. నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"మరి మంగళవారాలు?"

భాను మౌసు తీగ సర్దాడు.

"పది–ఏడు, పది–ఎనిమిది. నువ్వు సీదా కొట్టడం మొదలెట్టి రెండేళ్లయితే నేనెలగ గెలిచినాను?"

"కొన్ని నువ్వే గెలిచినావు."

"ఎన్ని?"

భాను కిటికీకేసి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ముక్కూ మొహం తెలియని వేలమంది చేతిలో ఓడిపోయినప్పుడు కూడా మోహన్‌కృష్ణకి ఇంత సిగ్గు వేయలేదు. వారమంతా కూడగట్టుకుని బతికిన ఆ ఒక్క మాట, ఆ ఒక్క సాయంత్రం, అది కూడా తనది కాదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. భానుని చూశాడు. ఏడు తను కొట్టి, మిగతావాటికి కావాలని నిలబడి దెబ్బ తినడం, ఎదుటివాడికి అనుమానం రాకుండా ఓసారి పది–ఏడు, ఓసారి పది–ఎనిమిది చేయడం, అదీ నూరు మంగళవారాలు. ఎంత ఓపిక కావాలి దానికి. ఎంత బాగా ఆడటం రావాలి. ఈ వెర్రివాడు తన దగ్గర నేర్చుకున్న ఆటంతా తనకి తెలియకుండా ఓడిపోవడానికి ఖర్చుపెట్టాడు.

చెప్పు విడిచాడు. వచ్చి చిన్ని కుర్చీలో కూర్చున్నాడు.

"పెట్టు," అన్నాడు.

"భయ్యా..."

"పది కొట్టినోడిదే. నిజంగా ఆడు. నా మొఖం సూసినావంటే లేచెల్లిపోతాను. తెర సూడు."

భాను చెయ్యి మౌసు మీద పెట్టి, తీసి, లుంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. మొదటి నాలుగూ ఎలా పోయాయో మోహన్‌కృష్ణకి తెలియనే లేదు. గుమ్మంలోంచి తొంగిచూస్తే చాలు, పడిపోతున్నాడు. భాను ఇంత వేగంగా కదులుతాడని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. ఐదోసారి భాను ఎడమ నుంచి కుడికి పరుగెత్తాడు. చెయ్యి పాత అలవాటున ముందుకు పోతుంటే పళ్లు బిగించి ఆపి, మనిషి మీదే నొక్కాడు. భాను కూలాడు. చిన్ని టీ గ్లాసులు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడింది. మళ్లీ రెండు పోయాయి. ఒకటి తగిలింది. మళ్లీ రెండు పోయాయి. మెట్ల కింద ఒకరికొకరు ఎదురుపడ్డారు, ఇద్దరూ ఒకేసారి నొక్కారు, భానే పడ్డాడు. ఆ తర్వాత మోహన్‌కృష్ణకి మళ్లీ సందు దొరకలేదు.

పది–మూడు.

భాను మౌసు వదిలేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడిలా ఉన్నాడు. మోహన్‌కృష్ణ కుర్చీలో వెనక్కి వాలి తెర మీద తన పేరు పక్కనున్న అంకెని చూశాడు.

"ఆ మూడూ నావేనా?" అని అడిగాడు.

"గంగమ్మ తల్లి మీదొట్టు భయ్యా. నీయే."

మోహన్‌కృష్ణ చిన్ని చేతిలోంచి టీ గ్లాసు అందుకుని, "రేపు నువ్వే ఆడాలమ్మా," అన్నాడు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, కుర్చీ భాను పక్కకి జరుపుకున్నాడు.

"ఆ నాలుగోసారి, గుమ్మం దగ్గర, నన్నెలగ కొట్టినావురా? ఓసారి నిదానంగా సూపించు."